నోట్లో గుండుసూదులు

కోర్టు వీధి, కుట్టు గది.
ఎండలు ముదిరిన వారం.

ఒసేయ్ బొత్తాం,

ఫోన్ చెయ్యకుండా ఈ కాలంలో ఉత్తరాలేమిటని దెప్పావు. చెప్తా విను. నా గదికీ అన్న గదికీ మధ్య ఇప్పుడున్నది గోడ కాదు, చెక్క పలక. నేను కేసు వేసిన మర్నాడే గోడ కొట్టించి అది పెట్టించాడు. నేను తుమ్మితే అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఇక ఫోన్లో ఏం మాట్లాడను, నా మొహం!

నాన్న కట్టిన ఈ షాపులో ముందు గది నాది కాదట. ఇన్నాళ్ళూ నేను జీతానికి కుట్టిన మనిషినట. లాయర్ల కోట్లూ గౌన్లూ కుట్టీ కుట్టీ మెడ వంగిపోయింది నాకు, గల్లాపెట్టె దగ్గర కూర్చుని కాళ్ళూపినవాడు యజమాని! నన్ను లేపేసి ఈ గదిని జిరాక్సు వాళ్ళకి అద్దెకిస్తాడట. వాడి ఆశ మండిపోనూ.

అసలు సంగతికొస్తాను. మొన్న రాజీకి పిలిచారు. అన్న తరఫున ఇద్దరు లాయర్లు, ఒకాయన పొడుగు, ఒకాయన పొట్టి, ఇద్దరిదీ ఒకే ఆఫీసు. పొడుగాయన గొంతు సవరించుకుని, "కొలత గదీ, కిటికీ దగ్గర కత్తిరింపు బల్లా దక్కితే మీకు చాలు కదమ్మా. ఆ రెండూ ఉంచుకోండి, వీధి తలుపు వదిలేయండి" అన్నాడు.  అవి నా మాటలే! మరీ గతిలేకపోతే ఆ రెంటితో సర్దుకుంటానని నేను అనుకున్న ఆఖరి మాట. అది ముందే తెలిసినవాడు అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువిస్తాడా? వీధి తలుపు లేకపోతే గిరాకీలు కిటికీలోంచి దూకి రావాలి కాబోలు.

ఎలా తెలిసిందో పట్టేశాను. అన్న కేసు తీసుకోకముందు ఈ పొడుగాయన కోటు కొలతలకి వచ్చాడు. చంక దగ్గర గుండుసూదులు పెడుతూ నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. తలూపుతూ విన్నాడు మహానుభావుడు. కొలత గదిలో విన్నది గుమ్మం దాటకూడదని నాన్న నాకు కత్తెర పట్టడం కంటే ముందు నేర్పాడు. ఎంతమంది లాయర్ల ఇంటిగుట్లు నా కడుపులో ఉన్నాయో నీకు తెలుసా? ఒక్కటి బయటపెట్టానా? నేను దాస్తే వాడు అమ్ముకున్నాడు.

ఇంకో మాట. నాన్న మంచాన పడ్డప్పుడు అన్ననీ నన్నూ పిలిచి "ముందు గది పెద్దదానిది" అంటే, అన్న బుర్రూపాడు. పక్కనుండి చూసింది నువ్వొక్కదానివే. వచ్చి ఆ ముక్క కోర్టులో చెప్పవే. మన కళ్ళద్దాల లాయరు నీ సాక్ష్యం ఉంటే గది మనదే అంటున్నాడు.

చలికాలంలో నువ్వొచ్చి ఉన్న నాలుగు రోజులే నా ప్రాణానికి కాస్త హాయి. ఎంత మాట్లాడుకున్నాం!

మీ అక్క

*

ఆసుపత్రి, బట్టల గది.

అక్కకి,

ఉత్తరం అందింది. ఆపరేషన్ గౌన్లకి తాళ్ళు కుడుతూ చదివాను. నువ్వు నల్ల గౌన్లు, నేను ఆకుపచ్చ గౌన్లు. నాన్న ఇద్దరికీ ఒకే రాత రాశాడు, నాకు మాత్రం కత్తెర ఇవ్వలేదు.

సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం. ఆ వీధిలో అడుగుపెట్టాలంటేనే నాకు మనసొప్పదు, ఎందుకో నీకు తెలుసు. పైగా అన్న కూడా అన్నే కదా.

కానీ ఆ పొడుగాయన్ని మాత్రం వదలకు. నీ రహస్యం విన్నవాడు నీ మీదే కేసు వాదించడమేమిటి? ఆ ఇద్దర్నీ ఈ కేసులోంచి తీసేయమని పిటిషన్ పెట్టు. ఒకాయన విన్నది రెండో ఆయనకి తెలియకుండా ఉంటుందా, ఇద్దర్నీ తీయించు. కొత్త లాయర్ని వెతుక్కోవడానికే అన్నకి చుక్కలు కనిపిస్తాయి. నీ లాయరు వద్దంటే వినకు. ఆయనకేం తెలుసు కొలత గది సంగతి? నువ్వు అన్నీ దిగమింగుకునే మనిషివని అందరికీ లోకువ. ఈసారైనా గట్టిగా నిలబడు.

చెల్లెలు

*

కోర్టు వీధి, కుట్టు గది.

బొత్తాం,

పెట్టేశాను! నీ మాటలు చదివాక ఒంట్లోకి ఎక్కడలేని బలం వచ్చింది.

మన కళ్ళద్దాల లాయరు జుట్టు పీక్కున్నాడు. "ఆయన మీ దగ్గరికి లాయరుగా రాలేదమ్మా, కోటు కోసం వచ్చాడు. ఓడిపోతే ఖర్చులు మన నెత్తిన వేస్తారు" అన్నాడు. నీ ఫీజు నువ్వు తీసుకో, నా కడుపుమంట నాకు వదిలెయ్యి అన్నాను. నోరు మూసుకుని రాశాడు.

పొడుగాయనకి కాగితం అందినప్పుడు నేను ఎదురుగా షాపు గుమ్మంలోనే ఉన్నాను. కోర్టు మెట్ల మీద నిలబడి చదివి, మొహం తుడుచుకుని, మళ్ళీ చదివాడు. ఆ మొహం చూస్తే నాకు విందు భోజనం చేసినట్టయింది. అన్న ఆ పూట చెక్క పలక అవతల అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. తిరగనీ, కాళ్ళరిగేదాకా తిరగనీ.

లాయర్లిద్దరూ పోతే వాడు గుడ్డివాడైపోయినట్టే. అప్పుడు నేనే రాజీకి పిలుస్తాను. వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "నీకు వెనక వసారా చాలు కదా అన్నా" అంటాను. ఆ ఒక్కమాట అనడానికే బతికున్నాననుకో.

అక్క

*

ఆసుపత్రి, బట్టల గది.

అక్కకి,

చాలా సంతోషం. పిటిషన్‌లో ఏమని రాయించావు? కొలత గది గురించి ప్రమాణం చేసి ఏం చెప్పావో ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసి పంపు. చదవాలని ఉంది.

చెల్లెలు

*

కోర్టు వీధి, కుట్టు గది.
వానలు.

బొత్తాం,

ఓడిపోయాను.

తల కొట్టేసినట్టయింది. హాలు నిండా నేను కోట్లు కుట్టిన వాళ్ళే. ఎవరి భుజం ఎంత వంకరో, ఎవరి పొట్టకి ఎంత బట్ట వదిలానో నాకు తెలుసు. వాళ్ళందరి ముందూ జడ్జిగారు అడిగారు: "ఆయన మీకు సలహా చెప్పారా?" లేదండీ, తలూపారన్నాను. "ఫీజు తీసుకున్నారా?" నేనే తీసుకున్నానండీ, కుట్టుకూలి అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. జడ్జిగారు కూడా గెడ్డం గోక్కుంటూ పెదవి బిగించారు. ఆయన గౌను కూడా నేనే కుట్టాను, మొహమాటానికైనా నవ్వు ఆపుకోవాలిగా!

నువ్వడిగావు కదా, నా ప్రమాణం ఇది: "కొలత గదిలో పలికిన మాట గుమ్మం దాటరాదన్నది మా వృత్తి ధర్మం. దాన్ని నేను ఏనాడూ తప్పలేదు." దానికి జడ్జిగారు, ఆ ధర్మం దర్జీని కట్టేస్తుందిగానీ కోటు కుట్టించుకున్నవాణ్ణి కాదు, పైగా ఆయన ఎవరికైనా చెప్పాడనడానికి రుజువేదీ అన్నారు. పిటిషన్ కొట్టేసి, వీళ్ళని వృథాగా తిప్పించినందుకు అవతలి ఖర్చులన్నీ నన్నే కట్టమన్నారు. వచ్చే వాయిదాలోగా కట్టకపోతే నా అసలు కేసు వినరట. అంటే ముందు గది మీద ఆశ కూడా పోయినట్టే.

అన్న లాయర్ల పొట్ట నేను నింపాలట! బయటికొస్తుంటే అన్న మెట్ల దగ్గర నిలబడి, "జాగ్రత్త, తడిగా ఉన్నాయి" అన్నాడు. ఆ మాట నా గుండెలో దిగబడిపోయింది. వాణ్ణి ఆ మెట్ల మీదే తలదించుకునేలా చెయ్యకపోతే నేను నాన్న కూతుర్నే కాదు.

అక్క

*

ఆసుపత్రి, బట్టల గది.

అక్కకి,

చదివాను. నీ ప్రమాణం మాత్రం చాలాసార్లు చదివాను. "ఏనాడూ తప్పలేదు." బాగా రాయించావు.

ఖర్చులకి నా దగ్గర ఏమీ లేదు, ఏమీ అనుకోకు. నువ్వు పనిమంతురాలివి, సంపాదించుకోగలవు. గిరాకీలు ఎవరైనా సరే, పని కాదనకు. కావాలంటే పొడుగాయన గౌనుకి చంకలో కచ్చా కుట్టు వేసి వదిలెయ్యి. జడ్జిగారి ముందు చెయ్యి ఎత్తగానే ఊడొస్తుంది. వినడానికి బాగుంది కదూ?

చెల్లెలు

*

కోర్టు వీధి, కుట్టు గది.

బొత్తాం,

నువ్వు సరదాకి రాశావు గానీ, నాకు వాడే వచ్చాడే! పొడుగాయనా, వెనకాల పొట్టాయనా. కొత్తగా చేరిన జూనియర్లతో సహా ఆఫీసులో అందరికీ గౌన్లు కావాలట. మొహం ఎలా చెల్లిందండీ మీకు అన్నాను. పొడుగాయన చెవులు ఎర్రబడ్డాయి. "ఈ వీధిలో భుజం కూర్చడం ఇంకెవరికీ రాదమ్మా" అన్నాడు. అది నిజమే. ఇంత అవమానంలోనూ ఆ మాటకి నా వెధవ మనసు పొంగిందంటే చూడు.

ఒప్పుకున్నాను. వాళ్ళకి కట్టాల్సింది వాళ్ళ గౌన్లు కుట్టే సంపాదించాను. కచ్చా కుట్టు వెయ్యలేదు, నా చేతికి రాదు. కాలర్లో ఓ గుండుసూది మాత్రం వదిలేద్దామని చివరిదాకా చూశాను. ఖర్చులు కట్టేశాను. కేసు బతికింది, నేనే సగం చచ్చాను.

ఇప్పుడు అసలు మాట విను. గౌను తొడిగి సరిచూస్తూ కడిగేశాను ఆ పొడుగాయన్ని. "ఆ రోజు నా గోడంతా విని తలూపి, పోయి మా అన్న చెవిలో ఊదారు కదా" అన్నాను. ఆయన వింతగా చూశాడు. "ఏమంటున్నారమ్మా? మళ్ళీ చెప్పండి" అన్నాడు. మళ్ళీ చెప్పాను. అప్పుడు పొట్టాయన పకపకా నవ్వి, "ముందు నోట్లోవి తీసి మాట్లాడండి" అన్నాడు.

నోట్లో గుండుసూదులే! బారుగా పెదాల మధ్య, ఎప్పటిలాగే.

"కొలతలప్పుడు మీరు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారమ్మా. ఇన్నేళ్ళలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మీరు నొచ్చుకుంటారని అందరం తలూపుతాం" అన్నాడు పొడుగాయన. ఇదే ముక్క కోర్టులో చెప్పొచ్చుగా అంటే, "నిండు కోర్టులో మిమ్మల్ని ఎగతాళి చెయ్యడం దేనికి, ఎలాగూ గెలుస్తాంగా" అన్నాడు. నాకు సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మరి ఆ రాజీ మాట ఎక్కడిదని అడిగాను. "మీ అన్నగారే చెప్పమన్నారు, మాట మాట ఆయనే రాసిచ్చారు" అన్నాడు.

మరి అన్నకి ఎవరు చెప్పి ఉంటారే? తల బద్దలవుతోంది. నేను ఇంకెవరితో అన్నాను? నువ్వే ఆలోచించి చెప్పు.

అక్క

*

ఆసుపత్రి, బట్టల గది.

అక్కా,

నాతో మాట్లాడినప్పుడు నీ నోట్లో గుండుసూదులు లేవు.

అవును, నేనే. చలికాలంలో నీ పక్కన పడుకుని విన్నదంతా వెళ్ళేముందు అన్నతో చెప్పాను. పిటిషన్ పెట్టమన్నదీ నేనే, ఓడిపోతావని తెలిసే అన్నాను. ఇక్కడ రోగుల బంధువుల్లో ఓ లాయరుంటే అడిగి కనుక్కున్నాను కూడా.

ఎందుకని అడుగుతావా? అదే కొలత గదిలో, నిలువుటద్దం వెనక, నీ చెవిలో ఓ మాట చెప్పాను. గిరజాల గుమాస్తాని పెళ్ళి చేసుకుంటానన్నాను. ఎవరికీ చెప్పకక్కా అని నీ గెడ్డం పట్టుకున్నాను. సాయంత్రానికి నాన్నకి తెలిసింది. నాన్న అతన్ని వీధిలోనే నిలదీశాడట. వారం తిరక్కుండా అతను ఊరొదిలి పోయాడు. నన్ను తీసుకొచ్చి ఇక్కడ పిన్ని ఇంట్లో పడేశారు. అప్పటినుంచీ చిరిగిన దుప్పట్లు కుడుతున్నాను. ఇంకెవర్నీ చేసుకోబుద్ధి కాలేదు. ఒక మంచి మనిషి నన్ను కోరుకున్నాడు, దాన్ని నువ్వు పూటలో చెడగొట్టావన్న ఒక్క తలపుతోనే ఇంత బతుకూ లాక్కొచ్చాను.

"ఏనాడూ తప్పలేదు" అని ప్రమాణం చేసి చెప్పావు! అది చదివిన రోజు నేను అన్నం తృప్తిగా తిన్నాను. నీకు చెప్పకుండా ఊరుకుంటే నా కక్ష సగమే తీరేది. అందుకే చెప్తున్నాను. ఆ గది పోతే నీకెలా ఉంటుందో చూస్తాను.

ఇక రాయకు.

*

కోర్టు వీధి, కుట్టు గది.

రాస్తాను. నువ్వు చదువుతావు.

నీ ఉత్తరం చదివి కత్తెర పట్టుకుని కూర్చుండిపోయాను. పాలు పట్టి పెంచిన చేతినే కరిచావే! సరే. నువ్వు నాకు దాచకుండా చెప్పావు కాబట్టి నేనూ దాచను. కొలత గదిలో విన్న మాట ఒక్కటి, మొదటిసారి, గుమ్మం దాటిస్తున్నాను.

నువ్వు నా చెవిలో చెప్పిన ఆ రోజు పొద్దున్నే నీ గిరజాలవాడు కోటు కొలతలకి వచ్చాడు. నేను వాడి వీపు వెనక ఉన్నాను, నోటినిండా గుండుసూదులు. సూదులు ఉన్నది నా నోట్లో. వాడి నోట్లో కాదు. ప్రతి అక్షరం వినబడింది.

"చిన్నదాన్ని చేసుకుంటే ముందు గది నాకు రాయించేస్తారుగా బావా? ఈ మిషన్లన్నీ తీయించి టైపు షాపు పెడతా. పిల్లదేముంది, మొహం అటు తిప్పుకుని కాపురం చేసెయ్యొచ్చు" అన్నాడు.

ఎవర్ని బావా అన్నాడో తెలుసా? పక్కన పుస్తకం పట్టుకుని కొలతలు రాసుకుంటున్న మన అన్నని. అన్న కోప్పడతాడని చూశాను. పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే "నడుము ఎంత?" అని నన్నడిగాడు.

మధ్యాహ్నం నువ్వొచ్చి నా గెడ్డం పట్టుకున్నావు. మొహం వెలిగిపోతోంది నీకు. ఆ మొహం మీద వాడి మాటలు ఎలా పొయ్యను? నాన్న దగ్గరికెళ్ళి, ఈ సంబంధం వద్దు, కారణం అడక్కు అన్నాను. నాన్న అడగలేదు. నువ్వు నన్ను శత్రువునంటే పడ్డాను, పిన్ని ఇంటికి పోతుంటే నా వంక చూడకపోయినా పడ్డాను. వాడి మాట నీ చెవిన పడకుండా ఇన్నేళ్ళూ అడ్డంగా నిలబడ్డాను.

ఇప్పుడు అడ్డు తప్పుకున్నాను. ప్రేమతో అనుకునేవు, కాదు. నువ్వు దాచుకుని మురిసిపోయేది ఒక్కటి కూడా మిగలకూడదనే రాస్తున్నాను. ఆ మంచి మనిషిని తలుచుకుంటూ ఇప్పుడు తిను అన్నం తృప్తిగా.

సాక్ష్యానికి రమ్మని ఇక అడగను.

*

ఆసుపత్రి, బట్టల గది.
చలి మొదలైంది.

అక్కకి,

నీకు సాక్షి కావాలి కాబట్టి కథ అల్లావనుకున్నాను. అనుకోవాలని చాలా ప్రయత్నించాను. పది దుప్పట్లు వంకరగా కుట్టి మళ్ళీ విప్పాను.

చివరికి అన్నకి ఫోన్ చేశాను. "ఆ గిరజాలతను కొలతలకి వచ్చినప్పుడు నా గురించి ఏమన్నాడన్నా?" అని అడిగాను. అంతే అడిగాను. నీ ఉత్తరం సంగతి ఎత్తలేదు.  "అబ్బే, కుర్రతనం, సరదాకి అన్నాడులేవే. నేనూ ఏదో నవ్వాననుకో. ఇప్పుడెందుకవన్నీ? ఆ కేసు సంగతి చెప్పు, అక్క ఏమంటోంది?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను.

నువ్వు నాన్నకి చెప్పినందుకు నిన్ను క్షమించలేదు. చెప్పాల్సింది నాకు. అప్పుడు ఏడ్చి ఊరుకునేదాన్ని, ఇన్నేళ్ళు పోయేవి కావు. ఇప్పుడు చెప్పినందుకు కూడా క్షమించను. మనిద్దరి లెక్క మనిద్దరి మధ్యే ఉండనీ, తీరిగ్గా చూసుకుందాం.

కానీ ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు. వాడెవడో పరాయివాడు, వాడి సంగతి వదిలెయ్యి. పుస్తకం పట్టుకుని నవ్వినవాడు నా అన్న. అలాంటివాడి దగ్గరికి నీ మాటలు పట్టుకెళ్ళి, వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డానే అక్కా!

నాన్న మంచం పక్కన అన్న ఏ వైపు కూర్చున్నాడో, "ముందు గది పెద్దదానిది" అన్నప్పుడు ఎలా బుర్రూపి "అలాగే నాన్నా" అన్నాడో నాకు బాగా గుర్తుంది. నీ ఆఖరి మాట అన్న చెవికి మోసింది నేనేనని కూడా కోర్టులో నేనే చెప్తాను. ఆ పొడుగాయన ఎంత గట్టిగా అడుగుతాడో అడగనీ. తడబడకుండా చెప్తాను.

వాయిదా ఎప్పుడో రాయి. ముందు రోజే వస్తాను. నీ పక్కన పడుకోను, కత్తిరింపు బల్ల మీద పడుకుంటాను.

ఆ రోజు అన్న కోటు వేసుకుని వస్తాడు కదా, నువ్వు కుట్టిందే. మెడ దగ్గర బిగుతుగా ఉందని ఎప్పుడూ సణుగుతుంటాడు. ఈలోగా సరిచెయ్యమని తెచ్చిస్తే తీసుకో, ఇస్త్రీ చేసి ఇచ్చెయ్యి. వదులు మాత్రం చెయ్యకు.

బొత్తాం